ఇవాళ్టి డేటా

ఇంటికి రోజూ ఇచ్చే డేటాతోనే టీవీ నడవాలి, పొయ్యీ వెలగాలి. వకుళ పొయ్యిమీద పప్పు పెట్టి హాల్లోకి వచ్చింది. టీవీలో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. దాని ముందు భర్త చిదంబరం గుర్రు పెడుతున్నాడు. ఆమె రిమోట్ అందుకోగానే కళ్లు తెరవకుండానే కసిరాడు.

“కట్టెయ్యకు, చూస్తున్నా!”

కాసేపటికి డేటా అయిపోయి పొయ్యి ఆరింది. పప్పు బద్దలుగానే ఉంది. టీవీ కూడా ఆగిపోయిన సంగతి ఆయనకు తెలియనే లేదు. రోజూ ఇదే వరస. వకుళకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఫైనల్. చిదంబరం రెప్ప వేయలేదు. ఆఖరి ఓవర్లో వకుళ పొయ్యి నాలుగు బర్నర్లూ గిన్నెల్లేకుండానే వెలిగించింది. బౌలర్ చెయ్యెత్తాడు. టీవీ ఆగిపోయింది.

“అయ్యో, ఇంకొక్క బంతే!”

“కళ్లు మూసుకోండి,” అంది వకుళ. “మీకు అలాగే కదా కనిపించేది!”