పన్నెండు రోజులు

ఇరవై అయిదు పేర్లలో ఇరవై నాలుగు ఖాయమయ్యాయి. మిగిలింది ఒక్క చోటు. అదీ బెంచీ చివర, ఎవరికైనా కాలు బెణికితే తప్ప మైదానంలోకి దిగే పని లేని చోటు. దాని కోసం రివర్‌మెన్ బేస్‌బాల్ క్లబ్బు ఆఫీసులో ముగ్గురు పెద్దమనుషులు పొద్దుటి నుంచి కాఫీ మీద కాఫీ తాగుతున్నారు. అది డెబ్భై నాలుగు డిసెంబరు. బయట మంచు పడుతోంది.

“ట్రావిస్ బూన్,” అన్నాడు లెస్టర్ ప్రూయిట్. ఊరూరా తిరిగి ఆటగాళ్లను వెతికి పట్టుకొచ్చే స్కౌటు అతను. “ఇరవై ఏళ్లవాడు. ఎడమచేతి వాటం. మన బ్యాటింగ్ వరసలో లేనిదే అది.”

“ఎడ్డీ సోకోల్,” అన్నాడు జట్టు మేనేజరు గస్ మరోనీ. “ఎక్కడ నిలబెట్టినా ఆడతాడు. బెంచీ మీద కూర్చోబెట్టినా మొహం మాడ్చుకోడు. కుర్రాళ్లకి వాడంటే ప్రాణం.”

“అంత ప్రాణమైతే ఇంటికి పిలిచి భోజనం పెట్టమను. ముప్ఫయ్యారేళ్లు వచ్చాయి. మోకాలు రెండుసార్లు కోశారు. వాడు ఒక బేసు నుంచి ఇంకో బేసుకి చేరేలోపు మా అమ్మమ్మ వెళ్లి తిరిగొస్తుంది.”

“దేవుడు నీకు గుండె పెట్టాల్సిన చోట స్టాప్‌వాచీ పెట్టాడయ్యా!”

జనరల్ మేనేజరు వీట్లీ నవ్వి పెన్సిల్ తీశాడు. జట్టులో ఎవరుండాలో రాసేది అతనే. ఈ క్లబ్బుకొచ్చి మూడేళ్లయింది. గస్ వచ్చి నాలుగేళ్లు. ప్రూయిట్ ఎప్పటి నుంచి ఉన్నాడో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అతని కన్ను తప్పదని మాత్రం ఇద్దరికీ తెలుసు.

గస్ ముందుకు వంగాడు. “అసలు సంగతి చెప్తాను వినండి. వాడికి పెన్షన్‌కి పదకొండు రోజులే తక్కువ.”

“పన్నెండు,” అన్నాడు ప్రూయిట్, కాగితం చూడకుండానే.

పెద్ద లీగులో నాలుగేళ్ల సర్వీసు నిండితే ఆటగాడికి పెన్షన్ వస్తుంది. బెంచీ మీద కూర్చున్న రోజు కూడా లెక్కకొస్తుంది. ఒక్క రోజు తగ్గినా సున్నా. సోకోల్ ఆడటం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది గాని, అందులో ముప్పాతిక వంతు చిన్న లీగుల బస్సుల్లోనే గడిచిపోయింది. చలికాలంలో ఫర్నిచర్ లారీ తోలుతాడు. ఆ మోకాలితో సోఫాలు మేడలెక్కిస్తాడు. ఈ క్లబ్బు వదిలేస్తే ఇంకో క్లబ్బు అతన్ని తీసుకోదు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు.

“సరే, పన్నెండే,” అన్నాడు గస్. “ఏప్రిల్లో సీజన్ మొదలైనప్పుడు ఎలాగూ వానలు. ఆటలు తక్కువ. మొదటి రెండు వారాలు బంతి విసరడానికి అయిదో పిచ్చరుతో మనకి పనే ఉండదు. అతన్ని అప్పటిదాకా కింద చిన్న లీగులో ఉంచుదాం. ఆ చోట్లో సోకోల్ కూర్చుంటాడు. బూన్ కూడా ఉంటాడు. పన్నెండు రోజులు కాగానే సోకోల్‌ని నేనే పంపించేస్తాను. మనకి పోయేదేముంది?”

వీట్లీ తల ఊపాడు. పెన్సిల్ సోకోల్ పేరు దగ్గరకి వెళ్లింది.

“ఒక్క ఆట పోవచ్చు,” అన్నాడు ప్రూయిట్ నెమ్మదిగా.

“ఏమిటీ?”

“పిచ్చరు లేక ఒక్క ఆట పోవచ్చంటున్నాను. పోయిన సీజన్లో మనకి కప్పు ఎన్ని ఆటల తేడాతో పోయింది?”

ఒక్క ఆట తేడా. ఆ ఆట చివర్లో చేతిలోకొచ్చిన బంతిని వదిలేసింది సోకోలే. జట్టు మొత్తం అతన్ని క్షమించింది. ఊరు కూడా క్షమించినట్టే ఉంది.

“అది గుర్తు చేయడం అన్యాయం, లెస్టర్,” అన్నాడు గస్.

“అబద్ధమైతే చెప్పు, వెనక్కి తీసుకుంటాను.”

అబద్ధం కాదు. వీట్లీ కాసేపు కిటికీలోంచి మంచు చూశాడు. తరవాత సోకోల్ పేరు మీద గీత పెట్టి, బూన్ పేరు రాశాడు. మంచివాడే వీట్లీ. మంచివాళ్లు గీత పెట్టేటప్పుడు అటు చూడరు, అంతే.

గస్ విసురుగా లేచాడు. “ఆ ఫోనేదో మీరే చెయ్యండి. నా వల్ల కాదు.”

“ఫోనెందుకు?” అన్నాడు ప్రూయిట్ కోటు తొడుక్కుంటూ. “వాడుండేది మన్సీలో. యాభై మైళ్లు. నేను వెళ్లి చెప్తాను.”

“ఈ మంచులోనా?”

“మొహం చూసి చెప్పాలి.”

గస్ కోపం సగం దిగింది. దగ్గరకొచ్చి ప్రూయిట్ భుజం తట్టాడు. “నీ మీద నోరు పారేసుకున్నాను. ఏమనుకోకు. నీకూ గుండె ఉందోయ్.”

ప్రూయిట్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. కారు నిదానంగా నడుపుకుంటూ మధ్యాహ్నానికి మన్సీ చేరాడు. సోకోల్ ఇంటి ముందు మంచు శుభ్రంగా ఎత్తిపోసి ఉంది. బెల్లు కొట్టాడు.

తలుపు తీసిన సోకోల్ మొహం వెలిగిపోయింది. ఈ ఆటలో చెడ్డ కబురు ఫోన్లోనే వస్తుంది. మనిషి గుమ్మం దాకా వచ్చాడంటే కాంట్రాక్టు తెచ్చినట్టే.

“రండి రండి, లెస్టర్ గారూ! ఏమేవ్ రూతీ, కాఫీ పెట్టు! నేను చెప్పలా, నన్ను ఉంచుకుంటారని?”

ప్రూయిట్ టోపీ తీసి, ఆ మొహాన్ని తనివితీరా చూశాడు.

పదహారేళ్ల కిందట, ఇరవై ఏళ్ల ఎడ్డీ సోకోల్‌కి బెంచీ చివర చోటివ్వడానికి ఈ క్లబ్బు ఒక్క ఫోనుతో ఇంటికి పంపేసిన ఆటగాడు లెస్టర్ ప్రూయిట్. ఆ రోజుకి అతని పెన్షన్‌కి తొమ్మిది రోజులు తక్కువ.