టైలర్ అంటే కోసేవాడు

"చిప్పె ఆంజనేయులు దుకాణం ఇదేనా?" అని అడిగిన పాపానికి పొదిలి రైతు ఒకడు చొక్కా గుడ్డ చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

"ఇక్కడ చిప్పె లేడు. పోయి చాన్నాళ్లయింది" అన్నాడు ఆంజనేయులు తల ఎత్తకుండా.

పోయింది అతని తండ్రి గంగయ్య. మార్కాపురం చుట్టుపక్కల రవికలు, చొక్కాలు, బొంతలు కుట్టి బతికిన మనిషి. బట్టలు కుట్టేవాళ్లను ఆ పక్క చిప్పె అంటారు. చిప్పె గంగయ్యా అంటే పలికేవాడు. కొడుకు మాత్రం మద్రాసు వెళ్లి, దొరలకు సూట్లు కుట్టే దుకాణంలో పనిచేసి, ఒక మిషనుతో, ఒక బోర్డుతో తిరిగి వచ్చాడు. బోర్డు మీద 'టైలర్ ఆంజనేయులు' అని ఉంటుంది. అది చదివి కూడా పాత పేరుతో పిలిచేవాళ్లకు అక్కడ సూది కదలదు.

"శిల్పి అన్న మాటే అరిగి చిప్పె అయిందంట గదా. అయ్యవారు చెప్పినాడు. మంచి మాటేగా" అంది భార్య శేషమ్మ.

"శిల్పి అయితే పోయి రాయి చెక్కుకోమను."

"పోనీ దర్జీ అననీ."

"అది పారసీ మాట. దర్జ్ అంటే కుట్టు. కుట్టేదానికేముంది, మీ అమ్మ కూడా కుడతాది బొంత. టైలర్ అంటే కోసేవాడు. ఫ్రెంచి దొరల మాట. గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే తలకాయ ఉండాల."

గుడ్డ మీద కత్తెర పెట్టి ఎన్నాళ్లయిందో శేషమ్మకు తెలుసు. పొయ్యిలో పిల్లి లేవని పూటలు ఎక్కువయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటే ఆశ. కొత్తగా వచ్చిన సబ్‌ఇన్‌స్పెక్టరు స్టేషనులో అందరికీ కొత్త యూనిఫారాలు కుట్టిస్తాడట. ఒక్క మంచి కోటు ఆయన కంట్లో పడితే, కుట్టిన వాడి పేరు చెవిలో పడితే, సంసారం గట్టెక్కుతుంది. కానీ ఈ ఊళ్లో కోటు తొడిగే మొహం ఏదీ అని ఆంజనేయులు బాధ.

అలాంటి సమయంలో మాల్యాద్రి వచ్చాడు. హనుమంతునిపాడు కుర్రవాడు. ఒంటి మీద గోనెపట్టాలాంటి ముతక చొక్కా, ముతక పంచె. వాటిని చూస్తేనే ఆంజనేయులుకు ఒళ్లు దురదపెట్టింది. పొమ్మనబోయి, అతని చంకలో ఉన్నది చూసి ఆగాడు. దొరల సీమ నుంచి ఓడలో దిగిన నల్ల ఉన్ని బట్ట.

"కోటు కావాల మామా. చిప్పె కుట్టినట్టు ఉండకూడదు, దర్జీ కుట్టినట్టు ఉండకూడదు. దొరల కోటు మాదిరే ఉండాల. టైలర్ అని బోర్డు చూసే వచ్చినా."

ఆంజనేయులు లేచి ముక్కాలిపీట వేశాడు.

"బట్ట మంచిదే. ఏడ కొన్నావు?"

"ఒక షావుకారు ఊరికే ఇచ్చినాడు."

"ఎవరికి కోటు?"

"ఇప్పుడే చెప్పకూడదు. శనివారం బజారులో ఊరేగింపు. ఊరంతా చూస్తాది."

"కొలతలకు రమ్మను మరి."

"రావడం కుదరదు మామా. దారం తెచ్చినా."

కొలతకొక ముడి వేసిన నూలుదారం తీసిచ్చాడు. గోషా ఇళ్ల ఆడవాళ్లు అట్లా దారం పంపడం మామూలే. మగవాడు కూడా పంపాడంటే ఎంత పెద్దవాడో అనుకున్నాడు ఆంజనేయులు.

"పొట్ట దగ్గర లావు. కొంచెం బిగుతైనా ఏమీ అనడులే" అన్నాడు మాల్యాద్రి.

"లోపల జేబులు ఎన్ని పెట్టాల?"

"జేబులతో పని లేదు."

నిజమే. గొప్పవాళ్ల డబ్బు నౌకర్లు మోస్తారు. ఈ సంగతి మద్రాసు చూసినవాడికి తెలుస్తుంది గానీ మార్కాపురం మొద్దులకు ఏం తెలుస్తుంది?

"కూలి ఎంతియ్యమంటావు?"

"కూలి అడిగేది చిప్పెలు. నాకు ఒక్క మాటియ్యి. ఊరేగింపులో కుట్టింది ఎవరో నలుగురికీ వినపడేటట్టు చెప్పాల. సబ్‌ఇన్‌స్పెక్టరు వస్తాడా?"

"ఆయన రాకుండా ఎట్ల ఉంటాడు? జవాన్లను ఎంటబెట్టుకుని మరీ వస్తాడు." మాల్యాద్రి గడప వైపు చూసి గొంతు తగ్గించాడు. "పేరు చెప్పమంటావా మామా? ఇంకోసారి ఆలోచించుకో."

"అదే నా షరతు."

"సరే. ఇచ్చిన మాట తప్పను."

వారమంతా మిషను ఆగలేదు. బొత్తాల కాజాలు మాత్రం దాని మీద రావు. శేషమ్మ నీళ్లకు పోయినప్పుడు, తండ్రి పాత సూది తీసి అవి చేతితోనే కుట్టాడు. ఆ తరవాత సూదిని ఉన్నచోటనే దాచేశాడు.

మనిషిని చూడకుండా కోటు కుట్టేది ఏందని శేషమ్మ ఒకసారి అంది.

"మనిషిని చూసి కుట్టేది చిప్పె పని" అన్నాడు.

శనివారం సాయంత్రం బజారు కిటకిటలాడింది. ఆంజనేయులు తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లాడు. సబ్‌ఇన్‌స్పెక్టరు పక్కనే, పేరు చెబితే నేరుగా ఆయన చెవిన పడే చోటు చూసుకుని నిలబడ్డాడు. చప్పట్ల మధ్య ఊరేగింపు మలుపు తిరిగింది. జనం తలల మీదుగా ముందు కోటే కనిపించింది. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. ఇంత కోటు ఈ తాలూకాలో ఇంకెవడు కోయగలడనుకుని అతను మీసం దువ్వాడు.

గడ్డి కూరిన తెల్లదొర బొమ్మను సీమగుడ్డల కుప్ప మీద నిలబెట్టి, ఆ కోటు మీద కిరసనాయిలు పోసి, నిప్పు అంటించబోయే ముందు మాల్యాద్రి, ఇచ్చిన మాట తప్పకుండా, దాన్ని కుట్టింది టైలర్ ఆంజనేయులని బజారంతా వినపడేటట్టు చెప్పాడు.