పన్నెండో కుర్చీ

స్టేషన్ నుంచి వేషాల పెట్టె మోసుకొచ్చిన ఎమరీకి కావలసింది ఒక్కటే, రసీదు మీద పళ్ళ డాక్టరు టటిల్ గారి సంతకం. అయిదుంబావు బండి వచ్చేలోగా అది తేకపోతే ఉద్యోగం ఊడినట్టేనని స్టేషన్ మాస్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

డాక్టరుగారికి ఊపిరి సలపడం లేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్ళో ఏటేటా క్లబ్బువాళ్ళు వేసే నల్లవాళ్ళ వేషాల ఆట మర్నాడే. తెల్లజాతి పెద్దమనుషులు పదకొండు మంది సీసా బిరడాలు కాల్చిన మసి ముఖాలకి దట్టంగా పట్టించి వరసగా కూర్చున్నారు. ఫొటోగ్రాఫర్ అప్పుడే నల్లగుడ్డలో తల దూర్చేశాడు. పన్నెండో కుర్చీ మాత్రం ఖాళీ. బ్యాంకులో కొత్తగా చేరిన గుమాస్తా రావాలట.

ఎమరీ రసీదు చాపాడో లేదో, డాక్టరుగారు రెక్క పుచ్చుకుని ఆ కుర్చీలో కూలేశారు. నేను గుమాస్తాని కాదు, స్టేషన్ కూలీనని ఎమరీ మొత్తుకున్నాడు. అదీ ఆటలో ముక్కే అనుకుని అందరూ పగలబడి నవ్వారు. ఆడి చూపిస్తేనే సంతకమన్నారు డాక్టరుగారు.

గోడ గడియారంలో అయిదయింది. చేసేదేం లేక పాపం ఎమరీ లేచి నాలుగడుగులు నడిచాడు, నాలుగు ముక్కలు మాట్లాడాడు. డాక్టరుగారు తల పట్టుకున్నారు.

"ఏం నడకోయ్ అది? ఆ మాటేంటి, బళ్ళో పంతుల్లా? అసలు నీ జన్మలో ఒక్క నల్లవాణ్ణయినా చూశావా?"

"చాలామందినే చూశానండి."

డాక్టరుగారు నమ్మలేదు. ముప్పయ్యేళ్ళుగా ఈ వేషం కడుతున్నాను, చూసి నేర్చుకోమంటూ కళ్ళు గుండ్రంగా తిప్పి, మోకాళ్ళు వంచి ఎగిరి గంతేశారు. ప్యాంటు వెనకాల పర్రున చిరిగింది. ఎమరీకి నవ్వు ఆగలేదు. దాంతో ఆయనకి ఒళ్ళు మండింది. రంగు కూడా తిన్నగా లేదన్నారు. బొగ్గులా ఉండాల్సింది కాఫీలా ఉందట. ఇలాంటివాడుంటే ఫొటో తగలడిపోతుందని కుర్చీలోంచి లేపేశారు.

"ఏడు జన్మలెత్తినా నీకీ వేషం రాదు. పోయి ముఖం కడుక్కుని మనిషిలా రా, అప్పుడు పెడతా సంతకం."

దూరంగా బండి కూత వినబడింది. ఎమరీ రసీదు ఆయన ముందు పరిచి, కలం చేతికిచ్చాడు.

"ఇప్పుడే పెట్టెయ్యండి డాక్టరుగారూ, ఈ రంగు కడిగితే పోయేది కాదు, మా అమ్మ పోలిక."