మీటరు ఊరుకున్నాక

ఆసుపత్రిలో సీసపు గోడ కట్టిన మేస్త్రీని అర్ధరాత్రి ఫోన్ చేసి లేపింది అతని బావమరిదే. అక్కడ రాత్రి కాపలా అతనిది.

"బావా, నీ గోడ దగ్గర కిరణాలు కొలిచే మీటరు టిక్కుమంటోంది. ఓసారి రావా?"

మేస్త్రీ నవ్వబోయి ఆగాడు. గామా కిరణాలు సందు దొరికితే సూటిగా దూసుకొస్తాయని, అతుకు మీద అతుకు పడకుండా ప్రతి సీసపు ఇటుకనూ తన చేత్తోనే పేర్చాడు. అయినా గోడ వెనక ఇప్పుడేముందని? కిరణాలిచ్చే బిళ్లను పొద్దున్నే తమ ఇద్దరి కళ్లముందే లారీ ఎక్కించి పంపేశారు. గది ఖాళీ.

మనసాగక వెళ్లాడు. మీటరు పట్టుకుని నడవాలో గోడవైపు నడిచాడు. టిక్కు. టిక్కు టిక్కు. దగ్గరయ్యేకొద్దీ రేకుల మీద వడగళ్లు పడ్డట్టు మోగి, చప్పున ఆగిపోయింది.

"హమ్మయ్య, నోరు మూసుకుంది!" బావమరిది గోడకు వీపానించి చతికిలబడ్డాడు. "ఉత్తపుణ్యానికి నీ నిద్ర చెడగొట్టాను."

మేస్త్రీ కూర్చోలేదు. గోడ కట్టించిన ఇంజనీరు మొదటిరోజే చెప్పాడు: ఈ పాత మీటరు అరుస్తున్నంతసేపూ పారిపోవడానికి వేళ ఉన్నట్టే, కిరణాలు తట్టుకోలేనంత ఎక్కువైతేనే అది మూగబోతుంది.

"లేవరా!"

బావమరిది రెక్క పట్టుకుని మెట్లు దింపి, గేటు దాటించి, వీధి చివరిదాకా లాక్కుపోయాడు. గోడ దగ్గరున్నది అక్కడే ఉండిపోతే, ఇంత దూరం వచ్చాక మీటరు మళ్లీ టిక్కుమనాలి. దాన్ని చెవికి ఆనించుకున్నాడు. పనిచేస్తున్నట్టు చూపే పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"ఏమంటోంది బావా?"

ఏమీ అనడం లేదు.