మొదటి మాట

“ఈ ప్రోగ్రాం చేత్తో టైప్ చేస్తేనే మొదలవ్వాలి సార్. దానంతట అది మొదలైతే లోపల మనిషి మిగలడు,” అంది ఆమె.

మేనేజర్ నవ్వాడు. “నువ్వు రాసిన ప్రోగ్రాం అంటే నీకే హడలా?”

రంగు వేసిన రేకుల్ని కాల్చే ఓవెన్ అది. మనిషి నడిచి వెళ్లేంత పెద్దది. కరెంటు రాగానే దాని బోర్డు మీద అన్నిటికంటే ముందు దానంతట అదే లేవాలని మేనేజర్ అంటున్నది ఆమె రాసిన ప్రోగ్రామే. ‘టెస్ట్’ అన్న మాట అందితే తలుపు తెరిచే ఉంచుతుంది, వేడి ఎక్కించదు. మరే మాట అందినా, ఏదీ అందకపోయినా గడియ వేసి మంట పెట్టేస్తుంది. టెస్ట్ జరిగేటప్పుడు లోపల నిలబడి వైర్లు చూసేది ఆమె మరిది.

“టైప్ చేస్తే ముందు ప్రోగ్రాం పేరు వస్తుంది, ఆ తర్వాతే టెస్ట్ అన్న మాట. అందుకే మొదటిది వదిలేసి రెండోది చూడమని రాశాను. దానంతట అది మొదలైతే పేరు రాదు, టెస్ట్ అన్న మాటొక్కటే వస్తుంది. ఉన్న ఒక్క మాటనీ పేరనుకుని వదిలేస్తుంది.”

“అయితే మొదటి మాటే చూడమని రాసెయ్. రేపు కొనేవాళ్లొస్తే, వాళ్ల ముందు కూర్చుని టకటకా కొడతామా?”

“వదినా, అన్నయ్య మీద కోపం నా మీద తీర్చుకోకు,” అన్నాడు మరిది, స్క్రూడ్రైవర్‌తో వీపు గోక్కుంటూ.

ఆమెకు నవ్వు రాలేదు. కూర్చుని మార్చింది. చేత్తో కొట్టేవాళ్లే లేనప్పుడు పేరు సంగతి దేనికని, దాన్ని వదిలేయమని రాసిన లైన్లు తీసేసింది. ఖాళీ ఓవెన్‌కు కరెంటు ఆపి, మళ్లీ ఇచ్చి చూసింది. తలుపు తెరిచే ఉంది. మరోసారి చూసింది. తెరిచే ఉంది. మొహం కడుక్కుందామని వరండాలో కుళాయి దగ్గరికి వెళ్లింది.

నీళ్ల చప్పుడులో ఏదో గడియ పడ్డట్టు వినిపించి కుళాయి కట్టేసింది. ఎదురుగా మేనేజర్ చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు.

“నీ మాటే నెగ్గిందమ్మా. మీ మరిది కూడా వదిన చెప్పిందే మేలని పట్టుబట్టాడు. ఆటో స్టార్ట్ తీసేశాను. వాడు లోపలికి వెళ్లాక, ఇదిగో, ఇప్పుడే నా చేత్తోనే టైప్ చేసి వస్తున్నా.”