ఎంత చలిలో ఉన్నాడో

వెర్నా భర్త హార్లన్ డిసెంబరు మంచు తుఫానులో, గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. ఆ రాత్రి మైనస్ నలభై రెండు. ఫిబ్రవరిలో అతని షెడ్డు సర్దుతుంటే టేపు రికార్డరులో ఒక క్యాసెట్ దొరికింది. హార్లన్ తన కంప్యూటరు ప్రోగ్రాములన్నీ క్యాసెట్లలోనే దాచుకునేవాడు. రికార్డరునీ కంప్యూటరునీ వంటింట్లో పెట్టి చూస్తే, కీచుమని ఒకటే రొద. తెర మీద ఏమీ రాలేదు.

"ఇది చలిలో రికార్డు చేసింది వదినా," అన్నాడు మరిది ఎల్డన్. "చలికి రికార్డరు మోటారు నెమ్మదిస్తుంది. ఇక్కడ వెచ్చగా ఉండి వేగంగా తిరుగుతోంది, అందుకే ఈ కీచు. మళ్లీ అంత చలిలో పెడితేనే కంప్యూటరుకి అర్థమవుతుంది. షెడ్డుకే పట్టుకెళ్దాం పద."

చీకటి పడ్డాక షెడ్డులో పెట్టారు. కీచు కాస్త దిగింది గానీ సరిపోలేదు. వెర్నా షెడ్డులోని పొయ్యి ఆర్పేసింది. థర్మామీటరు మైనస్ ముప్ఫైకి పడిపోయింది. ఇంకా కీచే.

ఎల్డన్ ఆరిన పొయ్యి వైపు చూశాడు. "అన్నయ్య పొయ్యి లేకుండా ఇక్కడ కూర్చునేవాడా?"

"ఆయనా? పొయ్యి దగ్గర్నుంచి కదిలితేగా!"

వెర్నా తలుపు బార్లా తీసింది. తెర మీద రెండక్షరాలు మెరిసి, చదివేలోపే ఆరిపోయాయి. ఆమె రికార్డరు చేత్తో పట్టుకుని సరస్సు వైపు నడిచింది. వెనక కంప్యూటరుకి కలిపిన పొడవాటి వైరు మంచులో ఈడ్చుకుంటూ వచ్చింది. అడుగడుక్కీ కీచు దిగుతోంది.

"ఎంత చలిలో ఉన్నాడో పాపం," అనుకుంది.

"వదినా! వైరు ఊడిపోయింది, ఇటు రా!"

"ఇంకొంచెం చలి చాలు," అంది వెర్నా, ఆగకుండా.