తిరగని ఫ్యాను

ఆ ఉదయం ఆకాశం కొండ దిగి వచ్చి రోడ్డు మీద కూర్చుంది. మంచులో పది అడుగుల అవతల మనిషి కనిపించడం లేదు.

మెకానిక్కు షెడ్డు ముందున్న టాక్సీలో హీటరు ఫ్యాను తిరగడం లేదు. అది గాలి కొట్టకపోతే అద్దానికి లోపల ఆవిరి పట్టేస్తుంది. గుడ్డతో తుడుస్తూ పోదామంటే, నిన్న అలాగే పోయి టాక్సీవాడు లోయ అంచు దాకా వెళ్లి వచ్చాడు.

పదింటికి కొండ అవతల అతని కూతురికి నర్సు ఉద్యోగానికి పరీక్ష. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇక్కణ్నించి కొండ మీదికి ఈ పూట బస్సుల్లేవు, దిగువూరికీ ఇక్కడికీ మధ్యే నడుస్తున్నాయి.

"ఎంతసేపు బావా?" అన్నాడు టాక్సీవాడు.

"ఉండవయ్యా." మెకానిక్కు టెస్టు ల్యాంపు తోక వైరును కారు బాడీకి తగిలించి, మొనను ఫ్యాను వైరుకు ఆనించాడు. దీపం వెలిగింది. "చూశావా? వైరింగు భేషుగ్గా ఉంది. మోటారే పోయింది."

అన్నాడే గానీ తనకే నమ్మబుద్ధి కాలేదు. అది దిగువూరి కొట్టులో మాస్టారు రాగితీగ చుట్టి బాగుచేసిన మోటారు. ఎనిమిదేళ్లుగా కాలిన మోటార్లు లారీలో పంపి చుట్టించుకోవడమే గానీ, ముఖం చూసింది లేదు. ఆ చేతి పని ఒక్కటీ మళ్లీ చెడి వెనక్కి రాలేదు.

వేరే మోటారు బిగించాడు. అదీ తిరగలేదు.

"మోటారు కాదండీ."

బల్ల మీద నడివయసు ఆడమనిషి, ఒళ్లో గుడ్డసంచి. బస్సు దిగి అరగంటగా చూస్తోంది.

"ఎర్త్ వైరు చూడండి. బాడీకి బిగించిన చోట తుప్పు పట్టుంటుంది."

"దీపం వెలిగింది కదమ్మా!"

"తోక మీరు బాడీకి పెట్టారు. ఫ్యాను ఎర్త్ వైరుకి పెట్టి చూడండి, వెలగదు."

టాక్సీవాడు కిసుక్కున నవ్వాడు. మెకానిక్కుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది వంటింటి మిక్సీ కాదు తల్లీ. మోటారేదో నీ చేత్తో చేసినట్టు చెప్తున్నావే!"

ఆమె ఏదో అనబోయింది. అతను డాష్‌బోర్డు కిందికి తల దూర్చేశాడు.

తల బయటికి తీసేసరికి బల్ల ఖాళీ. దిగువ బస్సు హారను మంచులో దూరమైంది.

ఫ్యూజు మార్చాడు, స్విచ్చి మార్చాడు, తలరాత తప్ప అన్నీ మార్చాడు.

"తొమ్మిదిన్నరైంది నాన్నా," అంది కూతురు. ఆ తర్వాత టైము చెప్పడం మానేసింది.

పదకొండింటికి, ఇంక చేసేదేమీ లేక, ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించాడు.

ఫ్యాను గిర్రున తిరిగింది. అద్దం తేటపడింది. ఎవరూ కారెక్కలేదు.

ఫోను మోగింది. దిగువూరి కొట్టు యజమాని.

"కొట్టు మూసేస్తున్నానయ్యా. ఆ చేయి దొరికితే కళ్లకద్దుకుంటానంటావుగా? పొద్దుటి బస్సుకి నీ దగ్గరికే పనికి పంపా. చేరారా మాస్టారు?"

"ఎవరూ రాలేదే. ఒక ఆడమనిషి తప్ప..."

అంటూనే తను గీకిన ఎర్త్ బోల్టు వైపు చూశాడు.

ఎనిమిదేళ్లుగా తన మోటార్లు చుట్టిన మాస్టారు ఆవిడేనని ఎదురుగా కూర్చున్న తండ్రీకూతుళ్లకి ఎలా చెప్పాలో తెలియక, మెకానిక్కు తన అన్నం క్యారియరు విప్పి వాళ్ల ముందుకు జరిపాడు. ముగ్గురూ కలిసి తిన్నారు.